పదమూడు – సున్నా

నా దగ్గర నలభై రెండు డైరీలు ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన అలవాటు, రిటైరయ్యాక కూడా వదల్లేదు. పేజీకి ఆరు గీతలు గీసుకుంటాను. ఎన్ని గంటలకు బయల్దేరాను, ఎక్కడికి వెళ్లాను, ఎవరిని కలిశాను, ఏ ఫైలు చూశాను, ఏం విన్నాను. ఆరో గీత పక్కన ‘అనుమానం’ అని రాసి ఉంటుంది. మొదటి ఐదింటిలో ఏదో ఒకటి కొన్ని రోజులు ఖాళీగా ఉండేది. ఆరోది ఖాళీగా ఉన్న రోజులు నలభై రెండేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు గోరిమేడులో మా ఇంటికి వచ్చారు. లైసెన్సు సెక్షన్‌లో పడ్డారట. “సార్, మోసాలు ఎలా పట్టుకోవాలో చెప్పండి” అన్నారు. పట్టుకున్నవాటి గురించి చాలామంది చెబుతారు. నేను పట్టుకున్నానని అనుకున్న ఒకదాని గురించి చెబుతాను. ఇది వాళ్లకు ఆ రోజు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. రాయడమైతే నాకు అలవాటైన పని.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉంది. వైట్ టౌన్‌లో పసుపు గోడల పాత బంగళాలో మా ఆఫీసు. పట్టణంలో ఖాళీ స్థలాలు, ఆటస్థలాలు, సంతలు, వీటికి ఏడాదికోసారి అనుమతి ఇచ్చే సెక్షన్‌కు నేను సూపరింటెండెంటును. మద్యం సంగతి ఎక్సైజు వాళ్లది, జూదం పోలీసులది. కానీ స్థలం మాది కాబట్టి, అక్కడ తాగుతున్నారని, పందాలు కాస్తున్నారని ఎవరు రాసినా ఆ కాగితం మొదట నా బల్ల మీద పడేది. మున్సిపల్ కౌన్సిల్ ఉంటే వార్డు సభ్యుడు వచ్చి నాలుగు మాటలు అరిచి సగం గొడవలు అక్కడికక్కడే తేల్చేవాడు. మా ఊళ్లో ఆ ఎన్నికలు ఏళ్ల తరబడి జరగలేదు. కౌన్సిల్ హాల్లో కుర్చీల మీద తెల్లగుడ్డలు కప్పి ఉండేవి. ఊరి మాట మా దాకా రావాలంటే కాగితమే దారి, కాగితానికి మొహం ఉండదు.

మార్చి మొదట్లో అలాంటి కాగితం ఒకటి వచ్చింది. తమిళంలో టైపు చేసినది, సంతకం లేదు. మురుంగపాక్కం వెళ్లే దారిలో పెటాంక్ ఆడే మైదానం ఒకటి ఉంది. అక్కడ ఆట పేరుతో పందాలు నడుస్తున్నాయని, మందు తాగుతున్నారని, పొద్దున్నే నేల చదును చేసి ఆనవాళ్లు చెరిపేస్తున్నారని, షెడ్డు వెనక మూల నిండా సీసాలేనని అందులో ఉంది. ఆ మైదానం అనుమతి ఆ నెలాఖరుతో ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది నా రిపోర్టు మీద ఆధారపడి ఉంది. పొడిగించకపోతే గేటుకు తాళమే.

పెటాంక్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన ఆట. ఒక చిన్న చెక్క ఉండను దూరంగా విసిరి, దానికి ఎవరి ఇనుప గుండు దగ్గరగా పడితే వాళ్లకు పాయింటు. ముందు పదమూడు చేసినవాళ్లది గెలుపు. ఇప్పుడు అన్ని పేటల్లోనూ ఆడతారు, ఆడవాళ్లూ ఆడతారు. అప్పట్లో నాకు ఇంత కూడా తెలియదు. నాది యానాం. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి కూడా దాన్ని ముసలివాళ్ల గోళీలాట అనుకున్నాను.

మా సెక్షన్‌లో ఒక సీనియర్ క్లర్కు ఉండేవాడు. పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే, మురుంగపాక్కం మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. నాకన్నా రెండేళ్లు పెద్ద, ఆ జూలైలో రిటైరవ్వాలి. ఆయన బల్ల మీద ఇత్తడి కప్పు ఒకటి ఉండేది, అందులో పెన్నులు పెట్టుకునేవాడు. ఎవరు అడిగినా “గుండ్లాట సార్. మనం యూటీ లెవెల్” అనేవాడు, అంటే కేంద్రపాలిత ప్రాంతం మొత్తంలో గెలిచినవాడని. ఆఫీసంతా ఆయన్ని ఛాంపియన్ అని పిలిచేది. ఆ ప్రాంతం ఆయనకు బాగా తెలుసు కదా అని పిటిషన్ ఇచ్చి, వెళ్లి చూసి రమ్మన్నాను. ఒక పేజీ చదివి వెనక్కి ఇచ్చేశాడు.

“ఈ ఫైలు నాకొద్దు సార్. ఏరే వాళ్లకి ఇయ్యండి.”

“ఏమండీ, మీ పక్కదే కదా?”

“దానికే చెప్తాండా. అందురూ తెలిసినోళ్లే. రేపు యాడన్నా ఎదురైతే మొగం చూసి మాట్లాడాల గదా.”

“అక్కడ మీరు ఆడతారా?”

“యాడ సార్ ఇప్పుడు. మోకాళ్లు పొయ్యినాయి.”

అంటూ బల్ల కింద కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నేను చూడనే చూశాను. చెప్పుల అంచుల నిండా ఎర్రమట్టి.

“ఆ మట్టేమిటండీ?”

“రోడ్డు తవ్వినారు సార్ మా ఈదిలో. యాడ చూసినా మణ్ణే.”

మణ్ణు అంటే తమిళంలో మట్టి. ఆయన కంగారు పడితే తమిళం ఎక్కువవుతుందని నాకు తెలుసు. ఆ సాయంత్రం స్కూటరు మీద ఆయన వీధి గుండా వెళ్లి చూశాను. రోడ్డు ఎవరూ తవ్వలేదు. ఆ రోజు ఆరో గీత ఒకటి చాలక పేజీ వెనక్కి తిప్పాను.

పిటిషన్ నా దగ్గరే ఉంచుకుని, నేనే చూడటం మొదలుపెట్టాను. మైదానం చుట్టూ ఎత్తైన గోడ, రోడ్డు వైపు ఇనుప కడ్డీల గేటు. గేటుకు ఎదురుగా ఒక టీ అంగడి. పొద్దున ఆరింటికి వెళ్లి అక్కడ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పది రోజులు. ఇప్పటికీ ఆ పేజీలు తీసి చూస్తే చదువుతున్నవాడికి కూడా అనుమానం రావాల్సిందే, అంత శ్రద్ధగా రాశాను. ఆరు పది: ఒక మనిషి సైకిల్ మీద వచ్చాడు. ఆరు పదిహేను: ఒక ముసలావిడ గేటు తాళం తీసి ఇనుప పళ్ల దంతె చేతికిచ్చింది. ఆరు నలభై: నేల మొత్తం గీకి, చదును చేసి, నీళ్లు చల్లి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు వేరే మనిషి. ఒకరోజు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన, ఇస్త్రీ చొక్కాలో, తల వంచుకుని దంతె లాగుతున్నాడు. ఇంకోరోజు బ్యాంకు మేనేజరు. కూలికి మనిషిని పెట్టుకోగలిగినవాళ్లు స్వయంగా వచ్చి నేల మీద అడుగుజాడలు చెరిపేస్తుంటే ఏమనుకోవాలి?

ఐదో రోజు మా ఛాంపియన్ వచ్చాడు. దంతె అందుకుని అటూ ఇటూ చూశాడు. నేను పేపరు ఇంకాస్త పైకి ఎత్తాను. ఎనిమిదో రోజు కూడా వచ్చింది ఆయనే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఆట లేని వేళ చూసి, షెడ్డులో కరెంటు మీటరు చూడాలన్న సాకుతో లోపలికి వెళ్లాను. తాళం ఆ ముసలావిడ దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు వీధులు ఊడ్చే పనిలో ఉండి రిటైరైన మనిషి, తెలుగావిడే. అందరూ పెద్దక్క అంటారు. ఏం అడగకుండా తలుపు తీసి, బయట గట్టు మీద కూర్చుంది. షెడ్డులో మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. తెరిచాను. పేర్లు లేవు, ఇంటిపేరు అక్షరాలతో ఇనిషియళ్లు మాత్రమే. ప్రతి దాని పక్కన ఒక తేదీ, ఒక సున్నా. పుస్తకమంతా సున్నాలే. పందెం కాసేవాళ్లు అసలు అంకె రాయరు కదా, సున్నా ఏదో గుర్తు అయి ఉంటుందని తేల్చుకున్నాను. రెండు పేజీలు డైరీలోకి ఎక్కించాను. మా ఛాంపియన్ ఇనిషియళ్లు పదకొండు చోట్ల ఉన్నాయి. షెడ్డు వెనక మూలకు వెళ్లి ఖాళీ సీసాలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

బయటికి వస్తుంటే పెద్దక్క, “మీటరు బాగుండాదా సారూ?” అంది.

“బాగుంది.”

“మీటరు ఆ పక్క గోడకి ఉండాది.”

నేను గేటు దాటి వచ్చేశాను. ఆ పుస్తకం ఏమిటని ఆమెనే ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారని. నా ఉద్యోగ జీవితంలో నన్ను చాలాసార్లు గెలిపించిన జాగ్రత్తే అది.

ఆఫీసుకు వచ్చి హాజరు పట్టీ తీశాను. పుస్తకంలో మా ఛాంపియన్ సున్నా ఉన్న ప్రతి తేదీకి మర్నాడు ఆయన పావుగంట ఆలస్యంగా వచ్చాడు. పదకొండుకు పదకొండూ. రెండు నిలువు వరసలు పక్కపక్కన పెట్టి పట్టిక గీశాను. నిజం చెప్పాలంటే, గీస్తున్నంతసేపూ సంతోషంగా ఉంది.

రిపోర్టు మరుసటి రోజు రాశాను. ఒక పేజీ మాత్రమే. పేర్లు లేకుండా ఇనిషియళ్లతో ఒక నోటుపుస్తకం నడుస్తోంది. రోజూ ఉదయం నేల చదును చేసి అడుగుజాడలు కనబడకుండా చేస్తున్నారు. ఆవరణలో ముప్పై ఒక్క ఖాళీ మద్యం సీసాలు లెక్కించాను. ఈ కార్యాలయ ఉద్యోగి ఒకరికి ఈ స్థలంతో సంబంధం ఉన్నట్టు కనిపిస్తోంది, ఆ సంగతి ఆయన దాచారు. విచారణ ముగిసేవరకు అనుమతి పొడిగించకపోవడం మంచిది.

చివరి వాక్యం రాయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. పట్టిక జతచేశాను. ఒక ప్రతి మా కమిషనర్‌కు, ఒక ప్రతి పైఆఫీసుకు వెళ్లింది.

ఆ వారంలోనే కమిషనర్ ఉమ్మడి తనిఖీ పెట్టారు. ఆమె కొత్తగా వచ్చిన అధికారి, ఉత్తరాదిది, వయసు మా అమ్మాయి వయసు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు, పోలీసు ఎస్సై, నేను, ఆమె పిలిపించిన మా సీనియర్ క్లర్కు. ఉదయం ఎనిమిదింటికి మైదానంలో నిలబడ్డాం. ఆడేవాళ్లు పదిహేనుమంది దాకా గోడ వారగా నిలబడి ఉన్నారు. మా క్లర్కు వాళ్లలోనూ లేడు, మాలోనూ లేడు. నడిమధ్య నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. జూదం రుజువైతే రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు సస్పెన్షన్. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పెద్దక్క నన్ను చూసి, “రా సారూ. పది దినాలు టీ అంగట్లో కూచోని నన్నే చూస్తా ఉండావు, సంబంధం మాట్లాడేదానికి వస్తావేమో అని ఎదురు చూస్తాండా” అంది.

గోడ వారగా ఉన్నవాళ్లు నవ్వారు. ఎస్సై కూడా నవ్వాడు. కమిషనర్‌కు తెలుగు రాదు కాబట్టి నా పరువు సగం మిగిలింది.

ముందు సీసాలు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు షెడ్డు వెనక మూలలో నిలబడి చుట్టూ చూశాడు. వేసుకున్నది తెల్లని ప్యాంటు అని కూడా చూసుకోకుండా నేల మీద కూర్చుని సీసాలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

“ముప్పై ఒకటీ ఈ మూలనేనా?” అని అడిగాడు.

“అవును.”

“వాళ్లు కూర్చునే బెంచీల దగ్గర?”

“లేవు.”

“ఒక్కటి కూడా?”

“లేదు.”

తల పైకెత్తి చూపించాడు. నేనూ చూశాను. గోడకు ఆనుకుని అవతల ఒక బార్ ఉంది, దాని మేడ మీది కిటికీలు సరిగ్గా ఆ మూల మీదికి తెరుచుకుంటాయి. ఒక కిటికీ చట్టం మీద ఎవరిదో గ్లాసు ఉంది.

“బెంచీ మీద కూర్చుని తాగి, లేచి ఇంత దూరం నడిచి, సీసాను జాగ్రత్తగా ఈ గోడకు రెండు బారల లోపలే పెట్టి వెళ్లారంటారా?” అన్నాడు. “తాగినవాళ్లకు అంత క్రమశిక్షణ ఉంటే మా డిపార్టుమెంటు ఎందుకు సార్?”

నేను ముప్పై ఒకటి అని లెక్కపెట్టాను. ఎక్కడ పడి ఉన్నాయో రాయలేదు. తల పైకెత్తలేదు.

తర్వాత నోటుపుస్తకం. ఎస్సై మేకు మీంచి తీసి పేజీలు తిప్పాడు. “ఈ సున్నాలేంటి?”

పదిహేనుమందీ నేల చూశారు. ఆ మౌనం చూసి నా ప్రాణం కాస్త కుదుటపడింది. సీసాల సంగతి ఏమైనా పుస్తకం సంగతి నేను అన్నట్టే ఉందనుకున్నాను.

“ఈ అక్షరాలు పదకొండుసార్లు ఉన్నాయి. ఎవరివి?”

అందరి తలలూ మా ఛాంపియన్ వైపు తిరిగాయి. ఆయన రెండడుగులు ముందుకు వేసి, ఎస్సైతో కాదు, నాతో చిన్న గొంతుతో అన్నాడు. “సార్, అది నా సొంత విషయం.”

“జూదం సొంత విషయం కాదండీ.”

“సస్పెండ్ చేసుకోండి సార్. పరవాలేదు. ఇదేందని మాత్రం ఇక్కడ అడగొద్దు.”

అప్పుడు పెద్దక్క గట్టు మీంచి లేచింది. “ఓయ్, సస్పెండు అయ్యేదానికి గూడా తయారా నువ్వు? సిగ్గు ముందా, ఉద్యోగం ముందా?” అని ఆయన్ని కసిరి, ఎస్సై చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

“పదమూడు పాయింట్ల ఆట సారూ ఇది. అవతలోడు పదమూడు చేసేలోపల ఒక్క పాయింటు గూడా ఎయ్యలేకపొయ్యినోడికి సున్నా. వాడు మర్నాడు పొద్దున్నే వచ్చి నేలంతా చదును చెయ్యాల. గుంటలు పూడ్చాల, గీతలు చెరపాల, నీళ్లు చల్లాల. మనిషిని పెట్టి చేపిచ్చకూడదు, వాడే చెయ్యాల. ఈ నేల మొదలైనప్పటి నుంచి ఇదే రూలు.”

“మరి పేర్లెందుకు రాయరు?”

“సున్నాకి పేరేంది సారూ? మర్యాద కోసరం ఇనిషియల్ ఏసినాం.” మా ఛాంపియన్ వైపు చెయ్యి చూపించింది. “ఈయనకి జనవరి నుంచి పదకొండు. ఆయన బల్ల మీద ఒక కప్పు ఉండాదే, అది నాది. ఆడోళ్ల పోటీలో నాకు ఇచ్చినారు. పెన్నులు పెట్టుకోవాల అక్కా అని అడిగితే ఇచ్చినా.”

ఎక్సైజు ఇన్‌స్పెక్టరు అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. ఎస్సై అంతా కమిషనర్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నవ్వలేదు. నా పట్టిక తీసి, రెండు నిలువు వరసల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. పదకొండు ఓటములు, పదకొండు ఆలస్యాలు. మా క్లర్కు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. లంచం తీసుకుని దొరికినవాళ్లను చూశాను, ఏడ్చినవాళ్లను చూశాను. అంత సిగ్గుపడ్డ మనిషిని చూడలేదు.

తిరిగి వస్తూ జీపులో కమిషనర్ అన్నారు. “మీ రిపోర్టులో తప్పు వాక్యం ఒక్కటి కూడా నాకు కనబడలేదు. అదే నాకు భయంగా ఉంది.”

ఆ సాయంత్రం పిటిషన్ మళ్లీ తీశాను. షెడ్డు వెనక మూల నిండా సీసాలని ఉంది అందులో. గేటు దగ్గర్నుంచి పది రోజులు చూసిన నాకే ఆ మూల కనబడలేదు. అది కనబడేది రెండు చోట్ల నుంచి. ఒకటి లోపల్నుంచి, రెండోది బార్ మేడ మీంచి. పిల్లలూ, సంతకం లేని కాగితం వచ్చినప్పుడు అతను ఏం చూశాడని అందరూ అడుగుతారు. ఎక్కడ నిలబడి చూశాడని అడగండి. నేను మూడు వారాలు ఆలస్యంగా అడిగాను. సమాధానం బార్ మేడేనని ఇప్పటికీ రుజువు చేయలేను.

కమిషనర్ మరునాడే అనుమతి పొడిగించవచ్చని రాశారు. అప్పటికే నా రిపోర్టు ప్రతి పైఆఫీసులో ఉంది. విచారణ ముగిసేవరకు పొడిగించవద్దు అన్న నా వాక్యం మీద అక్కడ ఎర్ర సిరాతో టిక్కు పెట్టేశారు. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే కొత్త ఫారం నింపాలి. ఆ ఫారంలో ఒక గడి, కౌన్సిల్ తీర్మానం నెంబరు. కౌన్సిల్ లేదు, తీర్మానం లేదు. ఆ గడిలో ఏం రాయాలో ఎవరికీ తెలియదు, గడి ఖాళీగా ఉన్న ఫారం మీద ఎవరూ సంతకం చేయరు. మార్చి ముప్పై ఒకటిన మైదానం గేటుకు తాళం పడింది. తాళంచెవి పెద్దక్క చేతిలోంచి తీసుకుని రసీదు ఇచ్చింది నేనే.

ప్రతి సోమవారం పైఆఫీసుకు వెళ్లాను. డైరీ చూస్తే సెలవులు పోను ఇరవై ఆరు సోమవారాలు. ఆరో గీత మీద అక్కడి వాళ్లందరినీ వరసగా అనుమానించాను. అసిస్టెంటును, ప్యూనును కూడా; ఫైళ్లు మోసే ట్రాలీని ఒక్కదాన్నే వదిలేశాను. మూడో నెలలో మా సెక్షన్‌కు ఒక దరఖాస్తు వచ్చింది, ఈసారి సంతకంతో. ఖాళీగా పడి ఉన్న ఆ స్థలాన్ని తమ కస్టమర్ల బండ్లు నిలపడానికి ఇప్పించమని బార్ యజమాని అడుగుతున్నాడు. మొదటి కాగితం పక్కన పెట్టి గంటసేపు చూశాను. అక్షరాలు రెండింటివీ ఒకలాగే ఉన్నాయి, కంప్యూటర్ అక్షరాలు ఎవరివైనా ఒకలాగే ఉంటాయి. చివరికి దాని మీద ఒక్క వాక్యం రాశాను. స్థలం ఖాళీగా లేదు, పొడిగింపు పెండింగులో ఉంది. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, రెండు వైపుల నుంచీ చూసి, అప్పుడు సంతకం చేశాను.

జూలై ఆఖరున మా క్లర్కు రిటైరయ్యాడు. దండ వేశాం, మిఠాయి పంచాం. మార్చి నుంచి ఆఫీసులో ఎవరూ ఆయన్ని ఛాంపియన్ అనలేదు. సంగతి ఎలా పాకిందో నేను అడగలేదు. నాతో ఫైళ్ల మాటలు తప్ప వేరే మాట లేదు. ఆ సాయంత్రం కప్పును పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

“ఆ రోజు రోడ్డు తవ్వారని ఎందుకు చెప్పారండీ? ఓడిపోయానని చెబితే సరిపోయేది కదా.”

“మీకు చెప్తే మీరు రాసుకుంటారు సార్.”

ఆయనే మళ్లీ అన్నాడు. “మా నేలలో ఒక వాడుక ఉండాది. రిటైరయ్యే రోజు సాయంత్రం అందురూ వచ్చి వాడితో ఒక ఆట ఆడతారు. గెలుస్తానని కాదు సార్. ఆ రోజు ఒక్క పాయింటు. ఒక్కటే ఒక్క పాయింటు ఏసి ఇంటికి పోవాలని ఉండె. దానికే పొద్దున్నా సాయంత్రం పొయ్యి పొయ్యి ఆడినా.”

గేటు తాళంచెవి అప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. చేతికందేంత దూరంలో. తీసి ఇవ్వడానికి నాకు అధికారం లేదు. ఇవ్వలేదు. ఈ ముక్కే ఆ పిల్లలకు చెప్పలేకపోయాను.

అక్టోబరు చివర్లో పైఆఫీసుకు కొత్త అధికారి వచ్చి, తీర్మానం నెంబరు అన్న గడిలో ‘వర్తించదు’ అని రాసి సంతకం పెట్టారు. ఏడు నెలలు ఆ ఒక్క మాట ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి తాళంచెవి తీసుకుని నేనే వెళ్లాను. వానలు మొదలయ్యాయి, నేలంతా గడ్డి, గుంటల్లో నీళ్లు. ఆడేవాళ్లు ఏడెనిమిదిమంది వచ్చారు. మా క్లర్కు గోడ వారన బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన గుండ్ల సంచి. నన్ను చూశాడు కానీ లేవలేదు. నేను తాళంచెవి పెద్దక్కకు ఇచ్చాను. ఆమె షెడ్డులోకి వెళ్లి దంతె తీసుకొచ్చి అందరి ముందూ నా చేతికి ఇచ్చింది.

“నేను ఆడలేదు కదమ్మా” అన్నాను.

బెంచీ మీంచి జవాబు వచ్చింది. “ఆడకుండానే సున్నా సార్ మీకు. యూటీ లెవెల్.”

అందరూ నవ్వారు. చెప్పులు విప్పి ప్యాంటు మడిచి మొదలుపెట్టాను. గడ్డి పీకడానికి మిగతావాళ్లు సాయం వచ్చారు, దంతె మాత్రం ఎవరూ పట్టుకోలేదు. గంటన్నర పట్టింది. ముగించి నడుము పట్టుకుని నిలబడితే, “ఆ మూల వదిలేసినారే” అన్నాడాయన. షెడ్డు వెనక మూల. వెళ్లాను. తడి మట్టిలో దంతె పళ్లకు టక్కున ఏదో తగిలింది. కొత్త సీసా, చీటీ ఇంకా తడిసి ఊడలేదు. వంగి తీయబోయి ఆగాను. ముందు తల పైకెత్తి చూశాను. తర్వాత గోడ వరకు అడుగులు వేసి కొలిచాను. అప్పుడు తీశాను.

నేను బయటికి వచ్చేసరికి ఆట మొదలైంది. మా క్లర్కు విసిరిన మొదటి గుండు చెక్క ఉండను దాటి చాలా దూరం పోయి గడ్డిలో ఆగింది. రెండోది ఉండ పక్కన ఆగింది. అందరూ విసిరాక పెద్దక్క టేపు తీసి కొలిచి, ఒక వేలు పైకెత్తింది.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. చేతికి అలవాటైన చోటు కాబట్టి ఆరో గీత మీద రాశాను: సీసా ఒకటి, గోడకు రెండు బారల లోపల, పై కిటికీ కింద. రాశాక చూసుకుంటే ఇందులో అనుమానమేమీ లేదు. కొట్టేసి, అదే వాక్యాన్ని రెండో గీత మీద, ఎక్కడికి వెళ్లాను అన్నచోట రాశాను. దాని పక్కన ఇంకో మాట చేర్చాను. ఆయనకు ఒక పాయింటు వచ్చింది, నేను చూశాను.